భారమూ, ఓపికా

(రేడియో వాక్య సందేశం, పూర్తి పాఠం)
వాక్యభాగము: హెబ్రీయులకు 12:1-2

ఈ ఉదయం వంటింట్లో పని చేసుకుంటూ వింటున్న తల్లులకు, మంచం మీదనుండి వింటున్న రోగులకు, తరువాత ఈ పత్రికలో చదవబోయే మీకు, ప్రభువు కృప తోడైయుండును గాక.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయం తెరవండి. మనకంటే ముందు విశ్వాసంతో బ్రతికి వెళ్ళినవాళ్ళు మన చుట్టూ ఉన్నారు గనుక, బరువైనదంతా దించిపెట్టి, అంటుకొని వదలని పాపాన్ని విదిలించుకొని, మన ముందున్న పందెంలో మనం పరుగెత్తాలని ఆ భక్తుడు చెప్తున్నాడు. ఈ భాగం మీద నేను కనీసం పదిసార్లు ప్రసంగించి ఉంటాను. పరుగు మాట వచ్చినప్పుడల్లా మా పాస్టర్లందరమూ ఎరిక్ లిడెల్ కథ చెప్తాము. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో, ఆదివారం పరుగెత్తనని 100 మీటర్ల పందెం మానుకొని, 400 మీటర్లలో బంగారు పతకం గెలిచి, ఆ తరువాత చైనాలో మిషనరీగా సేవ చేసిన మనిషి. మంచి కథే. కానీ లిడెల్ ఒళ్ళు తగ్గడానికి పరుగెత్తినవాడు కాదు. ఈరోజు ఒళ్ళు తగ్గాలని పరుగు మొదలుపెట్టిన ఒక పాస్టరు సంగతి చెప్తాను. ఆ పాస్టరును నేనే.

రెండేళ్ళ క్రిందటి మాట. అప్పుడు నా వయసు 44. పాకాల వైపు ఒక పల్లెలో భూస్థాపనకు వెళ్ళాను. సమాధుల తోట చిన్న గుట్ట మీద ఉంది. పెట్టె మోస్తున్నవాళ్ళు ముందు పోతున్నారు, నేను బైబిలు పట్టుకొని వెనక ఎక్కుతున్నాను. సగం దూరం పోయేసరికి నాకు ఊపిరి అందలేదు. కళ్ళు తిరిగి ఒక రాయి మీద కూలబడ్డాను. చేతిలో చెంబుతో వస్తున్న ఒక అవ్వ, చెనక్కాయ చేలల్లో కూలికి పోయే ఆమె, నాకు నీళ్ళిచ్చి, "కాసేపు కూసోండి అయ్యగారూ. పోయినోనికి తొందర్లేదు, మీకేల తొందర?" అనింది. చుట్టూ ఉన్నవాళ్ళు దుఃఖంలోనే నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు ఎవరికీ చెప్పకుండా ల్యాబుకు పోయి రక్తం ఇచ్చాను. పరగడుపున షుగర్ 168. బరువు 91 కిలోలు. డాక్టరుగారు మాత్రలు రాసి, ఆరేడు కిలోలు తగ్గమన్నారు. ఆ రిపోర్టును ఇంటికి తెచ్చి, బీరువాలో పాత వ్యాఖ్యానగ్రంథం ఒకదానిలో పెట్టాను. మా ఇంట్లో ఆ పుస్తకం నేను తప్ప ఎవరూ తెరవరు. మాత్రలను నా సంచిలో దాచాను. ప్రియులారా, ఎందుకు దాచానని మీరు అడగవచ్చు. వారానికి పది ఇళ్ళకు పోయి రోగుల మీద చేతులుంచి ప్రార్థించేవాడిని. "అయ్యగారికే షుగరంట" అని సంఘంలో అనుకుంటారని సిగ్గు. అంతే.

ఇంత ఒళ్ళు ఎలా వచ్చిందని ఆలోచిస్తే, కొంత మన చరిత్రలో ఉంది. మన రాయలసీమ కరువు సీమ. 1876-78 కరువులో ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం మీకు తెలుసు. మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం కట్టిన ఆసుపత్రి. క్షయకు మందు లేని ఆ రోజుల్లో రోగి బరువు పెరిగితే అది ప్రాణం నిలబడుతుందన్న గుర్తు. అందుకే మన ఇళ్ళల్లో "ఒళ్ళు చేశావు" అన్న మాట దీవెనలా వినిపిస్తుంది. ఆకలి చూసిన తాతలు మనకు ఇచ్చిన మాట అది. దాన్ని ఎగతాళి చేయకూడదు. కానీ కాలం మారింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే 2023లో తెలిపింది. తాతల రోజుల్లో ప్రాణం నిలబెట్టిన కొవ్వు మన రోజుల్లో ప్రాణం మీదికి వస్తోంది.

ఇక మిగతా కారణం మా వృత్తిలో ఉంది. గృహప్రార్థనకు పోతే కాఫీ, పుట్టినరోజు ప్రార్థనకు పోతే కేకు, కొత్త ఇంటి ప్రార్థనకు పోతే బిరియానీ. వద్దంటే ఆ తల్లి మనసు నొచ్చుకుంటుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన మధ్యాహ్నం ముగుస్తుంది. ముగిసిన వెంటనే వడ్డించే సాంబారన్నం చూస్తే, ఆ ఉపవాసం దేనికోసమో ప్రభువుకే తెలియాలి!

సరే, పరుగు మొదలుపెట్టాను. తెల్లవారుజామున ఐదు గంటలకు తిరుపతిలో యూనివర్సిటీ మైదానానికి పోయేవాణ్ణి. శేషాచలం కొండ ఇంకా నల్లగా ఉండగానే అక్కడ వందలమంది నడుస్తుంటారు. మొదటి రోజు ఆదివారం వేసుకునే బూట్లతోనే పరుగెత్తాను. ఒక్క రౌండు, అంటే 400 మీటర్లు, పూర్తి చేయలేకపోయాను. పక్కనుండి ఇంజనీరింగ్ పిల్లలు జింకల్లా పోతున్నారు. నాకు రోషం వచ్చింది. రెండో వారానికల్లా మూడు కిలోమీటర్లు పట్టుదలతో పరుగెత్తాను. మూడో వారం మోకాలు వాచింది. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ మన బరువుకు రెండు మూడింతల భారం కాలి మీద పడుతుంది. ఇరవై ఏళ్ళు కుర్చీలో కూర్చున్న మోకాలి మీద ఇరవై రోజుల్లో అంత భారం వేశాను. పది రోజులు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను.

రెండు నెలల తరువాత త్రాసు ఎక్కి చూస్తే 91న్నర. తగ్గలేదు సరికదా, అర కిలో పెరిగాను!

ఇక్కడ చిన్న లెక్క వినండి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కాలరీల శక్తి ఉంటుంది. పరుగెత్తే మనిషి కిలోమీటరుకు, తన బరువు ఎన్ని కిలోలో దాదాపు అన్ని కాలరీలు ఖర్చు చేస్తాడు. అంటే నేను మూడు కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 270. ఒక కిలో తగ్గాలంటే, తిండి ఏమాత్రం పెరగకుండా దాదాపు నెలరోజులు రోజూ పరుగెత్తాలి. మరి నేనేం చేశాను? మైదానం నుండి వస్తూ హోటల్లో పూరీ, చక్కెర వేసిన కాఫీ. ఆ ఒక్క టిఫినుతో తెల్లవారుజామున ఖర్చు చేసినదంతా తిరిగి వచ్చేసేది. పైగా మధ్యాహ్నం ఇంకో గరిటె అన్నం. "ఈరోజు పరుగెత్తాను కదా, నాకు హక్కుంది" అనుకునేవాణ్ణి.

ప్రియులారా, ఆ మాట దగ్గర నన్ను నేను పట్టుకున్నాను. సెమినరీలో మేము ఏం నేర్చుకున్నాం? మనిషి తన క్రియల చేత నీతిమంతుడు కాలేడు, పుణ్యం కూడబెట్టి దేవునితో బేరం చేయలేడు అని. ప్రతి ఆదివారం అదే బోధించాను. మైదానంలో మాత్రం రౌండ్లు లెక్కపెట్టి పుణ్యం కూడబెట్టి, హోటల్లో దాన్ని ఖర్చు పెట్టాను. దేవాలయంలో నిలబడి, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటానని లెక్క చెప్పుకున్న పరిసయ్యుడు గుర్తున్నాడా? లూకా 18లోని ఆ మనిషి నాలో పరుగెత్తుతున్నాడు.

అప్పుడే ఇంకొకటి జరిగింది. మా ఆవిడ బీరువా దులుపుతూ ఆ వ్యాఖ్యానగ్రంథం తీసింది. రిపోర్టు కింద పడింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది బల్ల మీద ఉంది. ఆమె గొంతు పెంచలేదు. "ఇంటింటికీ పోయి రోగుల కోసం ప్రార్థన చేస్తారు గదా, మీ కోసం ప్రార్థన చేసే భాగ్యం మాకు లేదా?" అనింది. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆమె మాట నన్ను అంతగా ఎన్నడూ గుచ్చలేదు. ఆ రాత్రి పిల్లలను కూడా కూర్చోబెట్టుకొని ప్రార్థన చేశాము. ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి నాకు షుగర్ ఉందని చెప్పాను. ఆరాధన అయ్యాక ఏడుగురు నా దగ్గరికి వచ్చారు. ఎవరూ నన్ను తక్కువ చేయలేదు. "అయ్యగారూ, మాకూ ఉంది, మేమూ ఇంట్లో చెప్పలేదు" అన్నారు.

ఇప్పుడు మన వాక్యానికి తిరిగి వద్దాము. "భారము" అని మనం చదివే చోట గ్రీకు మూలంలో ఓంకోస్ అనే మాట ఉంది. బరువు, ఉబ్బు, గడ్డ అని ఆ మాటకు అర్థాలు. క్యాన్సర్ వైద్యానికి ఆంకాలజీ అనే పేరు ఆ మాటనుండే వచ్చింది. పందెగాడికి అడ్డమయ్యే ఏ బరువునైనా అలా అనవచ్చు. నా నడుము చుట్టూ ఉన్నది ఒక ఓంకోస్. కానీ పుస్తకంలో దాచిన ఆ కాగితం అంతకంటే పెద్ద ఓంకోస్. ఆ దాచుకున్నది దిగనంతకాలం నాకు ఈ కిలోలు దిగలేదు.

రెండవ మాట ఓపిక. మన తెలుగులో ఈ మాట ఎంత చక్కనిదో చూడండి. "ఓపిక పట్టు" అంటే సహనం. "ఒంట్లో ఓపిక లేదు" అంటే బలం. రెండింటికీ ఒకటే మాట. గ్రీకులో అది హుపోమొనే, అంటే భారం కింద పారిపోకుండా నిలిచి ఉండడం. నేను సహనం లేకుండా బలం కోసం పరుగెత్తాను. రెండూ పోయాయి. సహనంతో నడిచినప్పుడు బలం దానంతట అదే వచ్చింది.

ఆ తరువాత ఏం చేశామో చెప్తాను, మీకు పనికొస్తుంది. డాక్టరుగారి దగ్గరికి మా ఆవిడతో కలిసి పోయాను. గుండె పరీక్ష చేయించుకున్నాను. అమెరికాలో జిమ్ ఫిక్స్ అనే ఆయన 35 ఏళ్ళ వయసులో, రోజుకు రెండు ప్యాకెట్ల సిగరెట్లు తాగుతూ, 100 కిలోలకు దగ్గరగా ఉండి పరుగు మొదలుపెట్టాడు. సన్నబడ్డాడు, సిగరెట్టు మానాడు, 1977లో పరుగు గురించి పుస్తకం రాస్తే లక్షలమంది చదివి పరుగు మొదలుపెట్టారు. 1984లో, 52 ఏళ్ళకు, పరుగుకు వెళ్ళినప్పుడే గుండెపోటుతో చనిపోయాడు. ఆయన గుండె రక్తనాళాలు మూసుకుపోయి ఉన్నాయి. ఆయన తండ్రి 43 ఏళ్ళకే గుండెజబ్బుతో పోయాడు. పరుగు చెడ్డదని కాదు. పరుగు చాలామంది గుండెకు మేలు చేస్తుంది. కానీ బయటికి సన్నబడినంత మాత్రాన లోపలంతా బాగుందని కాదు. నలభై దాటినవాళ్ళు, షుగర్, బీపీ ఉన్నవాళ్ళు, ఇంట్లో గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందు పరీక్ష చేయించుకోండి. ఛాతీలో నొప్పి వస్తే ఆగిపోండి, ఆసుపత్రికి పోండి. అది అవిశ్వాసం కాదు.

తరువాత పళ్ళెం మారింది. అన్నం సగమై, ఆకుకూర, కాయగూర, పప్పు రెండింతలయ్యాయి. రాగి సంగటి మంచిదే, కానీ ముద్ద తలకాయంత ఉంటే అది కూడా షుగర్ పెంచుతుంది. గృహప్రార్థనలకు మా ఆవిడే ముందుగా ఫోన్ చేసి, "అయ్యగారికి చక్కెర లేని కాఫీ ఒక్కటి చాలు" అని చెప్పేది. ఎవరూ నొచ్చుకోలేదు. ఇన్నేళ్ళు నొచ్చుకుంటారని నేనే అనుకున్నాను.

పరుగు మానలేదు, పద్ధతి మార్చాను. మంచి షూ కొన్నాను. రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. పక్కవాడితో మాట్లాడగలిగేటంత నిదానం. వారానికి నాలుగు రోజులు. మన ఎండలు మీకు తెలుసు గనుక, వేసవిలో ఆరు దాటితే ఇంటికి. పరుగు బరువును కొంచెమే తగ్గిస్తుంది. కానీ కండరాలు కదిలినప్పుడు అవి రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది. త్రాసు ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతుంది.

ఏడాదికి 91 కిలోలు 84 అయ్యాయి. షుగర్ అదుపులో ఉంది, మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. నాకు స్వస్థత కలిగిందని ఈ మైకు ముందు అబద్ధపు సాక్ష్యం చెప్పను. మీరు కూడా సాక్ష్యం చెప్పడానికి మాత్రలు మానకండి.

కొంతమంది, శరీర సాధకము కొంచెమే ప్రయోజనమని పౌలు తిమోతికి వ్రాశాడు గదా అంటారు. నిజమే, దైవభక్తి ముందు అది కొంచెమే. కానీ కొంచెం అంటే సున్నా కాదు. మరి అక్కలారా, చెల్లెళ్ళారా, మీకు తెల్లవారుజామున మైదానానికి పోయే వీలు ఉండకపోవచ్చు. మా సంఘంలో స్త్రీలు ఇప్పుడు సాయంత్రం గుడి ఆవరణలోనే అరగంట చురుకుగా నడుస్తున్నారు. గేటు తీసిపెట్టడం సంఘ పెద్దల వంతు. పెద్దలారా, మీ ఊళ్ళో కూడా ఆ గేటు తీయండి. అలాగే లావుగా ఉన్నవాళ్ళను వేళాకోళం చేయకండి. ఆ నవ్వు మనిషిని మైదానానికి పంపదు, రిపోర్టును పుస్తకంలో దాయిస్తుంది.

ఈరోజు వింటున్న నీవు ఏ కాగితం దాచావు? అది షుగర్ రిపోర్టు కావచ్చు, అప్పు పత్రం కావచ్చు. ఈ సాయంత్రం దాన్ని బల్ల మీద పెట్టు. నీ వాళ్ళతో చెప్పు, ప్రభువుతో చెప్పు. తరువాత లేచి నడువు. పక్కవాడు జింకలా పోతే పోనీ. నీ పందెం నీది. దాని చివర నిలబడి ఉన్నవాడు త్రాసు పట్టుకొని లేడు, చేతులు చాచి ఉన్నాడు.

ప్రార్థన చేద్దాము. పరలోకమందున్న మా తండ్రీ, మీరిచ్చిన ఈ దేహాలను మేము నిర్లక్ష్యం చేసినందుకు క్షమించండి. దాచుకున్న భారాలను దించుకొనే ధైర్యం మాకివ్వండి. మంచం మీద ఉన్నవారిని ఆదరించండి, మాత్రలు కొనలేనివారిని జ్ఞాపకం చేసుకొనండి, వారికి సహాయపడే చేతులుగా మమ్మును వాడుకొనండి. మా పరుగు ముగిసేవరకు మాకు ఓపిక దయచేయండి. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.