కాంతివిద్యయందొక గురుశిష్య వృత్తాంతము



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము సంస్కృతము చదివిన బడిపంతులము. భౌతికశాస్త్రము మా విద్య గాదు. అయినను ఒక గురుశిష్యుల చరిత్రము మా మనస్సున నాటుకొన్నది గాన, దానినే విన్నవించుచున్నాము.

కెనడా దేశమున గ్వెల్ఫు పట్టణమందు 1959లో డానా స్ట్రిక్‌లాండ్ జన్మించెను. ఈమె మాక్‌మాస్టరు విశ్వవిద్యాలయమున 1981లో పట్టము పొంది, అమెరికాలోని రాచెస్టరునకేగి, ఫ్రెంచి దేశీయుడగు జెరార్ మూరూ ఆచార్యునకు శిష్యురాలయ్యెను.

నాడు లేసరు శాస్త్రజ్ఞులకొక చిక్కుండెను. నిమేషమాత్రమైనను నిలువక వెలిగి ఆరు కాంతిస్పందమును బలపఱుపబోయినచో, దాని తీక్ష్ణతకోర్వక బలపఱచు గాజే చెడిపోవుచుండెను. గురుశిష్యులు చేసిన యుపాయమిది: స్పందమును ముందుగా 1.4 కిలోమీటర్ల గాజుతంతువున నడపిరి. అందు దీర్ఘతరంగములు ముందును, హ్రస్వతరంగములు వెనుకను పోవుటచే స్పందము సాగి పలుచనయ్యెను. దానిని నిరపాయముగా బలపఱచి, పిమ్మట సన్నని గీతలుగల పలకల సాయమున మరల కుదించిరి. శక్తియంతయు ఒక్కపెట్టున వెలువడెను.

1985లో ప్రకటించిన వ్యాసమున శిష్యురాలి పేరే మొదట నున్నది. అదియే యామె తొలివ్యాసము! ఈ మార్గముననే 1996లో లివర్‌మూరు ప్రయోగశాలయందు పదికోట్ల కోట్ల వాట్లను మించిన స్పందము పుట్టెను. నేడు కంటి పైపొరను కోయు శస్త్రచికిత్సకును ఇట్టి కాంతియే సాధనము. 2018లో గురుశిష్యులిరువురును నోబెలు బహుమానమున భాగస్థులైరి.

భౌతికశాస్త్రమున ఆ గౌరవమందిన స్త్రీలలో ఈమె మూడవది. మొదట 1903లో మేరీ క్యూరీ, పిదప 1963లో మరియా గోపెర్ట్ మేయర్. అటుపై 55 ఏండ్లకు ఈమె. ఇది మేధకు కొఱతయా, అవకాశమునకు కొఱతయా?

మా యుద్యోగకాలమున గణితమందు చుఱుకైన బాలికయొకతె పైచదువు గుఱించి మా సలహా నడిగెను. “చదివినది చాలునమ్మా” యంటిమి. ఆ మాట నేటికిని మమ్ము బాధించుచున్నది.

స్ట్రిక్‌లాండునకు పట్టము పిమ్మట డాక్టరు బిరుదమందుటకు 1989 వఱకు, ఎనిమిదేండ్లు పట్టెను. మన విద్యార్థివేతనములు పట్టపరీక్షతోనే ఆగిపోవుచున్నవి. పరిశోధన చేయగోరు మన యాడుబిడ్డలకు ఆ పైయేండ్లయందును ఊతమీయవలసినదిగా దాతలను చేతులు జోడించి వేడుచున్నాము. మేము ఆనాడు చెప్పిన మాటను మన సంఘము మరల చెప్పకుండుగాక!

స్వస్తి.