నా ప్రార్థన ఎవరి పక్షం?

జీవితమంతా పల్లెల్లో వాక్యం చెప్పి వెళ్లిపోయిన ఒక ఉపదేశిగారి పేరిట ఏటా జరిగే ఉపన్యాసం ఇది. ఈ ఏడు నేను ఎత్తుకున్న ప్రశ్న: క్రైస్తవ వేదాంతులలో నా విశ్వాసం ఎవరి విశ్వాసానికి దగ్గర?

తెలుగు క్రైస్తవులకు ఈ ప్రశ్న వేసుకునే పని పెద్దగా పడలేదు. పుట్టిన ఊరే జవాబు చెప్పేసింది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరు వచ్చారు గనుక ఆ చుట్టుపక్కల వాళ్లం లూథరన్లం అయ్యాం. అప్పట్లో ఒంగోలు వైపు పుడితే బాప్టిస్టు, మెదక్ వైపు పుడితే వెస్లీ మెథడిస్టు, బందరులో ఆంగ్లికన్, పాలమూరులో మెన్నొనైట్. ఒకరు పనిచేసేచోటికి మరొకరు రాకూడదని మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి. లూథరునూ కాల్విన్‌నూ ఎదురుగా పెట్టి మీకెవరు కావాలని మా తాతలను అడిగినవారు లేరు. ఆ మిషన్ల వల్లే మనకు బడీ ఆసుపత్రీ వచ్చాయి. ఆ రుణం తీరేది కాదు. కానీ తాతలు చేసిన సంతకం మన నమ్మకం కాదు.

మరి మన నమ్మకం ఎక్కడ బయటపడుతుంది? సిద్ధాంతాల పట్టిక ముందు పెడితే సండే స్కూల్లో నేర్చిన జవాబే రాస్తాం. ప్రార్థనలో అలా కుదరదు. అయిదో శతాబ్దం మొదట్లో రోములో జరిగిన సంగతి చూడండి. అగస్టీను తన ‘ఒప్పుకోళ్లు’ గ్రంథంలో, దేవుడు ఆజ్ఞాపించినదాన్ని చేసే శక్తి కూడా దేవుడే ఇవ్వాలని వేడుకున్నాడు. ఆ మాట ఒక బిషప్ నోట విని పెలాగియస్ అనే బోధకుడు మండిపడ్డాడు. శక్తి కూడా ఆయనే ఇవ్వాలంటే మనిషి ఇక ఎందుకు ప్రయాసపడతాడని అతని బాధ. 418లో కార్తేజీ సభ పెలాగియస్ బోధను ఖండించింది. అంత పెద్ద తగవుకు నిప్పంటించింది ఒక ప్రార్థన.

మన గృహకూటాల్లో తాగుడు మానలేని కొడుకు కోసం ఒక తల్లి మోకరిస్తుంది. “ప్రభువా, వాడి మనసు నువ్వే మార్చయ్యా” అంటుంది. ఆ నిమిషాన ఆమె అగస్టీను మనిషి. తెల్లారి కొడుకుకు గంజి పోస్తూ, “నువ్వు గట్టిగా అనుకుంటే మానలేవట్రా?” అంటుంది. అది పెలాగియస్ మాట. ఈ రెండింటిలో దేన్నీ ఆమె వదులుకోలేదు. నేనూ వదులుకోలేను.

ఇక్కడే కాల్విన్ నాకు దూరమయ్యాడు. మనసు మార్చేది దేవుడే అయితే అందరి మనసూ ఎందుకు మారదు? దేవుడు కొందరినే ఏర్పరచుకున్నాడని కాల్విన్ జవాబు. 1618-19లో డోర్ట్ సభ ఆ బోధను స్థిరపరిచింది. వాదన బలమైనదే. కానీ ఆ తల్లి పక్కన మోకరించి, ఏర్పరచుకున్నవారి పట్టికలో నీ కొడుకు పేరు ఉందో లేదో అని నేను అనలేను.

జాన్ వెస్లీ 1739లో బ్రిస్టల్‌లో ‘ఉచిత కృప’ అనే ప్రసంగం చేసి ఆ బోధను నేరుగా ఎదిరించాడు. మనిషి అడగకముందే కృప అతని దగ్గరికి వస్తుంది, ప్రతి మనిషి దగ్గరికీ వస్తుంది, దాన్ని తోసిపుచ్చే స్వేచ్ఛ మాత్రం మనిషికి ఉంది అన్నది అతని బోధ. తల్లి రాత్రి ప్రార్థనకూ పొద్దుటి మందలింపుకూ ఇందులో చోటుంది. ఎర్రగుంట్ల పేరయ్య కథ చదివాక నాకు సందేహం మిగల్లేదు. మాదిగ కులంలో పుట్టి, తోళ్ల వ్యాపారం చేసుకునే పేరయ్య, మిషనరీ ముఖం చూడకముందే యోగ గురువుల వెంట తిరిగి ఒక్క దేవుణ్ణి వెతికాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలు ప్రాంతంలో వేలమంది ఆ దారిన నడిచారు. ఆ వెతుకులాట పేరయ్యలో పుట్టించినదెవరు? మిషనరీల కంటే ముందే ఆ మాదిగపల్లెకు దేవుడు వచ్చి ఉన్నాడని నేను నమ్ముతాను. బాప్టిస్టుల చరిత్రలో వెస్లీ బోధకు ఇంత మంచి సాక్ష్యం దొరకడం నాకెంతో సంతోషం.

వెస్లీ లూథరుకు పరాయివాడు కూడా కాదు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో రోమా పత్రికకు లూథరు రాసిన పీఠికను ఒకరు చదువుతుండగా వింటూ వెస్లీ హృదయం కదిలింది. అయితే ఒక్కచోట నేను లూథరు దగ్గరే ఆగిపోతాను. ఈ జన్మలోనే విశ్వాసి ప్రేమలో సంపూర్ణుడు కావచ్చునంటాడు వెస్లీ. నా వరకు నేను, రోజూ పొద్దున లేచి క్షమాపణ అడగాల్సిన పాపినే.

మరో పరీక్ష ఉంది, దీన్ని వదలకూడదు. వెస్లీ స్నేహితుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ కాల్విన్ పక్షాన నిలిచాడు. 1740 క్రిస్మస్ ముందురోజు అమెరికాలోని జార్జియా నుంచి వెస్లీ బ్రిస్టల్ ప్రసంగానికి బదులు రాశాడు. ఆ వైట్‌ఫీల్డే జార్జియాలో బానిసత్వాన్ని చట్టబద్ధం చేయాలని వాదించాడు. వెస్లీ 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. 1791లో, చనిపోవడానికి ఆరు రోజుల ముందు, బానిస వ్యాపారంపై పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌కు, ఆ పోరాటం ఆపవద్దని ఉత్తరం రాశాడు. కాల్విన్ బోధ వల్లే వైట్‌ఫీల్డ్ అలా అన్నాడని నేననను. వెలివాడల నుంచి వచ్చిన మన సంఘాలు మాత్రం ఏ వేదాంతి పుస్తకం తెరిచినా, తన కాలపు బానిసల గురించి ఇతనేమన్నాడని ముందు అడగాలి.

ఇంత విభేదించుకున్నా, తన సంస్మరణ ప్రసంగం వెస్లీయే చేయాలని వైట్‌ఫీల్డ్ కోరుకున్నాడు. 1770 నవంబరు 18న లండన్‌లో వెస్లీ ఆ ప్రసంగం చేశాడు.

విద్యార్థులకు నా మనవి ఒక్కటే. వెస్లీ బ్రిస్టల్ ప్రసంగాన్నీ వైట్‌ఫీల్డ్ జవాబునూ మంచి తెలుగులో, ఒకే పుస్తకంలో పక్కపక్కన అచ్చు వేయండి. మన సంఘాల్లో చదివించండి. ఎవరి పక్షమో చదివినవారే తేల్చుకుంటారు.