పాత కంప్యూటరుపై పెద్ద కంప్యూటరు పని
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన చదువుల గదిలోని పాత కంప్యూటర్లను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ తన సాధారణ సహాయమును నిలిపివేసినది. విండోస్ 11 కోరెడు హంగులు మన యంత్రములకు లేవు. కావున వీనిని తూకమునకు అమ్మి, రజతోత్సవ నిధితో అన్నియు క్రొత్తవి కొనవలెనని కొందరును, నిధి యంతయు పుస్తకములకే చెందవలెనని కొందరును అనుచున్నారు. ఈ రెంటికిని నడుమ మూడవ త్రోవ యొకటి కలదని మనవి చేయుచున్నాను.

మన నల్లగొండ జిల్లాలోని నందికొండ యొద్ద 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. నీరు నిలుచునది అచ్చట. పైరు పండునది ఎడమ కాలువ క్రింది పొలములలో. ప్రతి రైతును తన చేనిలో ఆనకట్ట కట్టుకొనడు. కాలువ వచ్చిన చాలును.

కంప్యూటరు పనిని గూడ ఇట్లే రెండుగా విడదీయవచ్చును. లెక్కలు కట్టి బొమ్మను సిద్ధము చేయుట మొదటి పని. ఆ బొమ్మను తెరపై చూపి, మన మీటల నొక్కును, మౌసు కదలికను ప్రోగ్రామునకు తెలుపుట రెండవ పని. మొదటిదానికి బలము కావలెను. రెండవదానికి పాత యంత్రము చాలును.

ఇది నేటి ఊహ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1983లో ఎథీనా అను పథకమును ప్రారంభించినది. ఆ సంస్థలోనే 1984లో రాబర్ట్ షీఫ్లర్, జిమ్ గెటిస్ అనువారు ఎక్స్ విండో వ్యవస్థను రూపొందించిరి. 1987లో వెలువడిన దాని పదునొకండవ రూపము నేటికిని వాడుకలో నున్నది. వర్క్‌స్టేషన్లు మిక్కిలి ఖరీదుగా నుండిన 1990 దశకములో, సామాన్యమైన పి.సి.లో ఎక్స్ ప్రోగ్రామును నిలిపి, దూరపు వర్క్‌స్టేషన్‌లో నడుచు పనిని దాని తెరపై చూచుకొనెడివారు. 1999లో ఆరంభమైన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు ఈ సూత్రముతోనే పాఠశాలలలోని పాత యంత్రములను పనికి దెచ్చినది.

అయితే కాలువ చివరి రైతు కష్టము మనకు తెలియనిది కాదు. దూరము పెరిగినకొలది చిక్కులును పెరుగును. ఎక్స్ పద్ధతిలో ప్రోగ్రామును, తెరయు మాటిమాటికి ప్రశ్నలు వేసికొని జవాబులకై వేచియుండును. ఒక కిటికీ తెరచుటకు 50 మారులు పోయిరావలసి యున్నదనుకొందము. అమెరికాకు ఒకమారు పోయివచ్చుటకు 200 మిల్లీసెకండ్లు పట్టినచో, మొత్తము 10 సెకండ్లగును. ఒకే గదిలో తీగతో కలిపిన యంత్రముల నడుమ ఒకమారు పోయివచ్చుటకు ఒక మిల్లీసెకండు కూడ పట్టదు. ఎంత పెద్ద ఇంటర్నెట్టు కొన్నను ఈ దూరపు ఆలస్యము పోదు. గాజు తీగలో వెలుతురే సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లకు మించి పరుగెత్తలేదు. దూరపు యంత్రమే కావలసినచో, తెర బొమ్మను కుదించి పంపెడు వి.ఎన్.సి. వంటి పద్ధతులు మేలు. కాని మనకు బలమైన యంత్రము మన గదిలోనే యుండుట అన్నిటికంటె మంచిది.

మరియొక జాగ్రత్త. ఎక్స్ తనంతట తాను మాటలను దాచి పంపదు. మనము కొట్టిన రహస్యపదము దారిలో ఇతరుల కంటబడవచ్చును. అందుచేత 1995లో ఫిన్లాండులో పుట్టిన ఎస్.ఎస్.హెచ్. అను రక్షణమార్గము గుండనే దానిని నడుపవలెను. సహాయము ఆగిన విండోసును తొలగించి, తేలికైన లినక్సును నింపవలెను.

దీనివలన లాభమెవరికి? పోచంపల్లి నేతలో చిటికి కట్టుటకు ముందే నమూనాను గళ్లుగా గీసికొందురు. అట్టి నమూనాను ఇంక్‌స్కేపులో గీయదలచిన నేతగాని బిడ్డకును, మన చెరువుల పటమును క్యూజిస్‌లో తయారుచేయదలచిన విద్యార్థికిని ఇది అక్కరకు వచ్చును. ఇవి రెండును ఉచితముగా లభించు ప్రోగ్రాములు. వెలపెట్టి కొన్న ప్రోగ్రాములను పలువురు వాడుకొనుటకు మాత్రము వాని యజమానుల అనుమతి ఉండవలెను.

లోపములును చెప్పవలెను. సినిమాలు చూచుటకు ఈ ఏర్పాటు తగదు. పెద్ద యంత్రము ఆగినచో అన్ని తెరలును ఆగును. కావున దానికి విద్యుత్తు పోయినప్పుడు ఆదుకొను యు.పి.ఎస్.యు, వ్రాతలకు వేరొక డిస్కుపై నకలును తప్పనిసరి. ఒక్కొక్కరికి 4 గిగాబైట్ల మెమరీ చొప్పున లెక్కించినను ఆరుగురికి 24 కావలెను. విద్యుత్తును మ్రింగెడు మిక్కిలి పాత యంత్రములను మాత్రము విడుచుటే మేలు.

కావున నా ప్రార్థన యిది. ఒక్క బలమైన యంత్రమును కొని, దానికి రెండు పాత కంప్యూటర్లను కలిపి, నెల దినములు విద్యార్థులచేత వాడించి చూడుడు. బాగున్నచో తక్కినవానిని కలుపుడు; మిగిలిన ధనము పుస్తకముల బీరువాకు చేరును. బాగులేనిచో ఆ క్రొత్త యంత్రము ఎట్లును మనదే.

ఒక్క పుస్తకమును కొని ఊరంతయు చదువుకొనుటయే గ్రంథాలయ ధర్మము. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుకొని మన పెద్దలు నాటినది ఈ ధర్మమునే. పుస్తకమునకు చెల్లినది కంప్యూటరునకును చెల్లును. ఈ విషయమును కార్యవర్గమువారు ఆలోచింతురని ఆశించుచున్నాను.