రాయిని చూసి కాదు, పరీక్షించి చెప్పాలి

 

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. కూలి మానుకుని వెళ్లేవారిలో మనవాళ్లూ ఉన్నారు. గత వానాకాలం మా ట్యూషన్‌కు వచ్చే ఒక అబ్బాయి తండ్రికి మెరిసే రాయి దొరికింది. గాజు మీద గీస్తే గీత పడింది. వజ్రమేనని నమ్మి, ఆ ధైర్యంతో అప్పు చేయబోయారు.

అబ్బాయి రాయిని మా దగ్గరకు తెచ్చాడు. తూచితే 5.3 గ్రాములు. నీళ్ల గ్లాసును ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టి సున్నా చేశాం. రాయిని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో ముంచాం. త్రాసు 2 గ్రాములు చూపింది. 5.3ను 2తో భాగిస్తే 2.65. అది పలుగురాయి సాంద్రత. అంతే పరిమాణంలో వజ్రమైతే 7 గ్రాములు తూగాలి. ఆ ఇంటికి అప్పు తప్పింది.

గాజును పలుగురాయి కూడా గీస్తుంది. 1812లో మోస్ రూపొందించిన కాఠిన్య పట్టికలో పలుగురాయిది 7, టోపాజ్‌ది 8, కెంపు, నీలాలది 9, వజ్రానిది 10. అలాగని బరువొక్కటే చాలదు. టోపాజ్ సాంద్రత దాదాపు వజ్రమంతే ఉంటుంది. అప్పుడు కాఠిన్యం, స్ఫటికం ఆకారం చూడాలి. పలుగు స్ఫటికం ఆరు పలకల స్తంభంలా ఉంటుంది. వజ్రం తరచు ఎనిమిది ముఖాలతో దొరుకుతుంది. రంగును అసలు నమ్మరాదు. సుత్తితో కొట్టి మాత్రం చూడకండి, నిజమైన వజ్రం కూడా పగిలిపోతుంది.

ఇది కొత్త విద్య కాదు. సుమారు వెయ్యేళ్ల క్రితమే అల్ బిరూనీ రత్నాలను నీళ్లలో ముంచి, అవి తొలగించిన నీటిని తూచి, ఏది ఏ రాయో తేల్చారు. రత్నాల మీద ఒక గ్రంథమే రాశారు.

తెలియనివాడు పలుగురాయిని నమ్ముకుని అప్పులపాలవుతాడు, లేదా అసలు వజ్రాన్ని అడిగినంతకే ఇచ్చేస్తాడు. రెండు విధాలా నష్టం పేదవాడిదే. ఒక చిన్న త్రాసు, భూతద్దం, పేరు తెలిసిన పది రాళ్లు ఉంటే మన పిల్లలే ఊరికి చెప్పగలరు. మీరిచ్చే ప్రతి రూపాయిలో కొంత ఈ పెట్టెకు చేరాలని కోరుతున్నాం. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.