వెంట వచ్చిన చిన్న దోనెలు

(చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి యువజనుల కూడికలో ముగ్గురు సహోదరీలు కలిసి రాసుకుని చదివి వినిపించిన మాటలు)



మేము ముగ్గురం. ఒకరిది చిక్కబళ్ళాపురం, ఒకరిది బాగేపల్లి, ఒకరిది చింతామణి. మా ముగ్గురి భర్తలూ సముద్రంలో చమురు, గ్యాసు తీసే చోట పని చేస్తారు. ఒకాయన వెల్డరు, ఒకాయన రిగ్గరు, ఒకాయన అక్కడి వంటశాలలో వంట చేస్తాడు. కుటుంబ జీవితం గురించి మాట్లాడమని అడిగినప్పుడు ఒక్కొక్కరం లేచి నిలబడే ధైర్యం లేకపోయింది. అందుకే కలిసి రాసుకొచ్చాం. ఇందులో ఏ మాట ఎవరిదని అడగొద్దు. మూడిళ్ళలోనూ జరిగేది ఇంచుమించు ఒకటే.

మన వైపు సముద్రం లేదు. నంది కొండల్లో పుట్టిన పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుందని బళ్ళో చదువుకున్నాం. మన ఊళ్ళ నుంచి సముద్రానికి పోయేది ఆ నీళ్ళొక్కటే అనుకునేవాళ్ళం. ఇప్పుడు మగవాళ్ళూ పోతున్నారు. ఎందుకు పోతున్నారో మీకు చెప్పనక్కర్లేదు. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని చేలున్నాయి. నీళ్ళు పడిన ఏడు టమాటా పెడితే, మార్కెట్లో కోత కూలి కూడా గిట్టని రోజులున్నాయి. ఐటీఐలో వెల్డింగు నేర్చిన పిల్లవాడు ముందు బెంగళూరు ఫ్యాక్టరీకి పోతాడు. అక్కడ ఎవరో చెప్తే ముంబై పోతాడు. అక్కడి నుంచి సముద్రం మీదికి.

ముంబై తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ముంబై హై ఉంది. అక్కడ చమురు ఉందని 1974లో కనుక్కున్నారు, 1976 నుంచి తీస్తున్నారు. పెద్ద కంపెనీ సొంత ఉద్యోగులు హెలికాప్టర్లో వెళ్ళి పద్నాలుగు రోజులు పని చేసి, పద్నాలుగు రోజులు ఇంట్లో ఉంటారు. మా వాళ్ళు కాంట్రాక్టరు మనుషులు. వానలు తగ్గాక వెళ్తే, మళ్ళీ వానలు మొదలయ్యేలోపు వస్తారు. బార్జి అనే పెద్ద తేలే ఇంట్లో మంచం మీద మంచం వేసుకుని పడుకుంటారు. రోజుకు పన్నెండు గంటల పని. ఇద్దరూ తీసేది ఒకే చమురు.

ఆయన లేనప్పుడు మా ఇల్లు ఎలా నడుస్తుందో మీరు ఊహించగలరు. గ్యాసు, పాలు, బడి ఫీజు, అత్తమ్మ బీపీ మాత్రలు, ఇంటి బాడుగ, చీటీ డబ్బు, అన్నీ మేమే. మోటారు బాగు చేయడానికి ఎవరైనా వస్తే వాకిలి తలుపు బార్లా తీసి పెట్టాలి, లేకపోతే వీధి మాట్లాడుతుంది. రాత్రి పిల్లకు జ్వరం వస్తే ఎవరి తలుపు కొట్టాలా అని ముందు ఆలోచించాలి, తర్వాతే జ్వరం సంగతి. ఇదంతా కష్టమే. అయితే అలవాటైపోయింది.

అలవాటు కానిది ఆయన వచ్చే రోజు. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉండేది. ఐదు నెలలు ఎదురు చూసి, ఆ రోజు కోడి కూర వండి, కొత్త దుప్పటి వేసి, మూడో రోజుకే ఎందుకు కొట్లాడుకుంటాం? ఆయన తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చుంటాడు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టదంటాడు, అక్కడ జనరేటరు మోత ఆగదు కదా. సామాను ఎక్కడుందో తెలియక అడుగుతుంటే మాకు విసుగు. బాబు బయటికి పోవాలంటే నాన్న ఎదురుగా ఉన్నా అమ్మనే అడుగుతాడు. అది విని ఆయన మొహం చిన్నబోతుంది. ఒకసారి మూడేళ్ళ పాప, “ఈ మామ ఎప్పుడు పోతాడు?” అని అడిగింది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. ఇల్లు సర్దుకుని, మళ్ళీ నలుగురం ఒకచోట కూర్చుని నవ్వే వేళకు టికెట్ వస్తుంది. పోయే ముందు రెండు రోజులు మళ్ళీ గొడవ. గొడవ పడి పంపితే ఏడుపు తక్కువని మాకు చాలా కాలానికి అర్థమైంది.

ఇది మా గుణమో, మా భక్తిలో లోపమో అనుకున్నాం. కాదని తర్వాత తెలిసింది. స్కాట్లాండులో అబర్దీన్ అనే ఊరు ఉత్తర సముద్రపు చమురుకు కేంద్రం. అక్కడి చమురు కార్మికుల భార్యలను చూసిన మానసిక వైద్యులు, పరిశోధకులు 1985లో ఒక వ్యాసం రాశారు. భర్త వస్తూ పోతూ ఉండడం వల్లనే ఆందోళన, దిగులు, దాంపత్యంలో ఇబ్బంది కలుగుతున్నాయని చెప్పి, దానికి ఒక పేరు కూడా పెట్టారు. అబర్దీన్ ఆమెకూ, బాగేపల్లి ఆమెకూ ఒకే బాధ. ఆమెకు డాక్టరు ఉన్నాడు, మాకు పేరన్నా తెలియదు. అంతే తేడా.

ఇక భయం గురించి. 2005 జూలై 27న ముంబై హైలో ఒక సహాయ నౌకలో వంట చేసే ఆయన వేళ్ళు తెగాయి. వైద్యం కోసం ఆయన్ను ప్లాట్‌ఫారం మీదికి చేర్చబోతుంటే నౌక వెళ్ళి గ్యాసు పైపుకు తగిలింది. మంటలు లేచి, రెండు గంటల్లో ప్లాట్‌ఫారమంతా కూలిపోయింది. 22 మంది పోయారు. మా ముగ్గురిలో వంటాయన భార్యకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఇంట్లో కత్తి పట్టినా అదే గుర్తుకొస్తుంది.

2021 మే 17 మీలో చాలామందికి గుర్తుంటుంది. కరోనా రెండో అల, దాని మీద తౌక్తే తుఫాను. హెచ్చరికలు ముందే వచ్చాయి. అయినా పి-305 అనే బార్జి 261 మందితో సముద్రంలోనే ఉండిపోయింది. లంగరు గొలుసులు తెగి కొట్టుకుపోయి, ఆ సాయంత్రం మునిగింది. వరప్రద అనే టగ్గు కూడా 13 మందితో మునిగింది. నేవీ వాళ్ళు ప్రాణాలకు తెగించి చీకట్లో వెతికి చాలామందిని పైకి లాగారు. రెండింటిలో కలిపి 86 మంది తిరిగి రాలేదు. కొన్ని దేహాలు ఎవరివో గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది.

ఆ రోజు మాలో ఒకరి భర్త అదే సముద్రంలో వేరే నౌక మీద ఉన్నాడు. రెండు రోజులు ఫోను లేదు. టీవీలో కన్నడ చానలు, తెలుగు చానలు మార్చి మార్చి చూశాం. కాంట్రాక్టరు నంబరుకు చేస్తే స్విచ్ ఆఫ్. కంపెనీ ఆఫీసుకు చేస్తే, “మీ ఆయన పేరు మా లిస్టులో లేదు, ఏజెన్సీని అడగండి” అన్నారు. ఏజెన్సీ పేరేమిటో ఆమెకు తెలియదు. ఎనిమిదేళ్ళ కాపురం, భర్త ఎవరి దగ్గర పని చేస్తున్నాడో తెలియదు! మూడో రోజు ఉదయం ఫోను మోగింది. ఆయన “నేనే” అన్నాడు. ఆమె ఏమీ మాట్లాడలేక ఫోను అత్తమ్మ చేతికిచ్చి కింద కూర్చుండిపోయింది.

మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో ప్రభువు తుఫానును గద్దించిన సంగతి మనందరికీ కంఠతా వచ్చు. ఆ ముందు వచనంలో ఇంకో మాట ఉంది. ఆయనతో పాటు వేరే దోనెలు కూడా వెళ్ళాయట. మనం ఎప్పుడూ శిష్యులున్న దోనె గురించే ప్రసంగిస్తాం. ఆ మిగతా దోనెల్లో ఎవరున్నారో, ఎంత భయపడ్డారో, ఇంటి దగ్గర వాళ్ళ భార్యలకు ఎవరు కబురు చెప్పారో ఎవరూ అడగరు. గాలి ఆగినప్పుడు వాళ్ళకూ ఆగింది. లెక్కలోకి మాత్రం రాలేదు. కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలు ఆ దోనెల వంటివి.

కాబట్టి తమ్ముళ్ళారా, పోవద్దని మేము చెప్పం. మా పిల్లల బడి ఫీజు ఆ సముద్రం నుంచే వస్తోంది. పోయే ముందు చేయవలసినవి చెప్తాం. ఏజెన్సీ పేరు, అసలు కంపెనీ పేరు, నౌక పేరు, మూడింటి ఫోను నంబర్లు రాసి ఇంట్లో ఇవ్వండి. కాంట్రాక్టు కాగితం, సముద్ర భద్రతా శిక్షణ సర్టిఫికెట్టు, జీతం చీటీలు, అన్నింటి నకలు ఇంట్లో ఉండాలి. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలో రాసే చోట స్నేహితుడి పేరు రాయకండి, భార్య పేరు రాయండి. పెళ్ళయ్యాక పీఎఫ్ నామినేషను మళ్ళీ రాయండి. చేతిలో కాగితం పెట్టకుండా డబ్బడిగే ఏజెంటును నమ్మకండి.

చెల్లెళ్ళారా, ఇది మీ హక్కు కూడా. పనిలో ప్రాణం పోతే పరిహారం ఇవ్వడం యజమాని బాధ్యత అని 1923 నుంచే మన చట్టంలో ఉంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు కంపెనీ చెల్లించాలని 1970 చట్టం చెప్పింది. మాలో ఒకరింటికి రెండు నెలల జీతం రాలేదు. అడగడానికి కాగితం లేక ఊరుకున్నాం. మీరు ఊరుకోవద్దు.

సంఘ పెద్దలకు ఒక మనవి. మమ్మల్ని చూసి “సముద్రం డబ్బు” అని చందా పుస్తకం ముందు మా ఇంటికే పంపకండి. జాలిపడి విధవరాళ్ళ వరసలోనూ కూర్చోబెట్టకండి. నెలకొకసారి ఇద్దరు అక్కలు వచ్చి అరగంట కూర్చుని పోతే చాలు. ఆయన వచ్చినప్పుడు ఆయన్నూ పలకరించండి. నాలుగు ఆదివారాలు కనబడి పోయే మనిషికి గుడిలో ఏ పనీ చెప్పరు, ఆయన ఇంట్లోనూ అతిథే, సంఘంలోనూ అతిథే. ఒక పాట పాడమనండి, ఒక కుర్చీ మోయమనండి. క్రిస్మసుకు రాలేని తండ్రి మే నెలలో వస్తే, ఆ రోజు మా ఇంట్లో నక్షత్రం వేలాడుతుంది. నవ్వకుండా లోపలికి రండి, కేకు పెడతాం.

పేతురు అత్తకు జ్వరం వచ్చిందని సువార్తలో రాశారు. ఆయన వలలు వదిలి వెళ్ళాక ఆ ఇల్లు ఎవరు నడిపారో, ఆయన భార్య పేరేమిటో రాయలేదు. ఆమె సంగతి మాకు కొంచెం తెలుసు అనిపిస్తుంది.

వచ్చే నెల నుంచి మా ముగ్గురి ఫోన్లలో ఒక జాబితా మొదలుపెడుతున్నాం. మన మూడు ఊళ్ళ నుంచి సముద్రం పనికి వెళ్ళిన ప్రతి మనిషి పేరు, నౌక పేరు, ఏజెన్సీ నంబరు అందులో ఉంటాయి. ఏ సంఘమైనా, ఏ మతమైనా, పేరు రాయించండి. ఇంకో తుఫాను వచ్చిన రాత్రి ఎవరూ టీవీ ముందు ఒంటరిగా కూర్చోకూడదు.