పిడికి పట్టు

కత్తి చేసేవాళ్లు పదును కోసం పడే తపనలో సగమైనా పిడి మీద పెట్టరు. నాకది బాధగా ఉంటుంది. చేతిలో ఉండేది పిడే కదా!

ఉక్కు పిడి చివరిదాకా సాగే కత్తికి రెండు పక్కలా చెక్క బద్దలు వేస్తాం. తుమ్మైనా టేకైనా బాగా ఆరినదై ఉండాలి. పచ్చి చెక్క తర్వాత ముడుచుకుని ఉక్కును వదిలేస్తుంది. బద్దలను పట్టి ఉంచే కమ్మీల కోసం రంధ్రాలు ఉక్కును కాల్చి గట్టిపరచకముందే వెయ్యాలి, తర్వాత మామూలు బరమా దిగదు.

అతికించే ముఖాలను గరుకు కాగితంతో రుద్ది, ఉక్కును అసిటోన్‌తో తుడవండి. వేలి జిడ్డు చాలు, ఎపాక్సీ జిగురు పట్టు సడలడానికి. క్లాంపు మరీ బిగించినా జిగురంతా బయటికి పోతుంది. ఇత్తడి కమ్మీలు దూర్చి, 24 గంటలు కదపకండి.

అలుగు వైపు ఉండే బద్దల అంచులు మాత్రం అతికించకముందే నున్నచేసుకోండి. తర్వాత ఆకురాయి ఆడిస్తే అలుగంతా గీతలే.