తొలినీరు – తుదినీరు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమునాడు చేపలను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. ఊరికి గ్రంథాలయమెట్టిదో చెరువును అట్టిదే. ఒక తరమువారు కూడబెట్టి మరియొక తరమువారికి అప్పగించునట్టి ఉమ్మడి సొత్తులివి. ఉమ్మడి సొత్తును అనుభవించుట యెట్లు, అనుభవించుచునే మిగుల్చుట యెట్లు అను ప్రశ్న, ఎండుచున్న చెరువులోని చేపల విషయమున కనబడినంత స్పష్టముగ మరియొకచోట కనబడదు. కావుననే ఈ విషయము గ్రహింపబడినది.

చిత్తూరు సీమకు జీవనది లేదు. స్వర్ణముఖి, అరణియారు, కాళంగి, బాహుద, పింఛ, కౌండిన్య – ఇవన్నియు వానకు పారి, వాన వెలిసిన కొలదినాళ్లకు ఇసుకగా మిగులు ఏళ్లు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న విభజింపబడి, తిరుపతి వేరొక జిల్లాకు కేంద్రమైనది. ఎల్లలు మారినవి గాని నీటి లెక్క మారలేదు. సాలునకు కురియు వాన సుమారు 900 మిల్లీమీటర్లు. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతములకు అందులో ముఖ్యమైనది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చు ఈశాన్యపు వాన. ఆ మూడు నెలల నీటిని నిలుపుకొనుటకే పూర్వులు వాగు వాగునకు కట్ట వేసిరి. పదునైదు, పదునారవ శతాబ్దములలో భక్తులు శ్రీవారి నైవేద్యమునకై సమర్పించిన ధనముతో దేవస్థానపు గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించి, అందువలన పెరిగిన పంటతో నైవేద్యము జరిపించిన విధము తిరుమల శాసనములలో కానవచ్చును.

ఈ కట్టలన్నియు వరిపైరు కొరకు పుట్టినవి. చేప పిలువకయే వచ్చిన చుట్టము. ఆరేడడుగుల లోతైనను లేని కుంటలో, నాలుగైదు నెలలు మాత్రమే నిలుచు నీటిలో, ఎవ్వరును విత్తకయే చేప యెట్లు వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినగాని కుంటను కాపాడుట సాధ్యము కాదు.

చేప వచ్చు త్రోవలు రెండు. మొదటిది నీటిత్రోవ. ఈ సీమ చెరువులు పెక్కులు గొలుసుకట్టుగా నున్నవి. పైచెరువు నిండి మొరవ పారినచో ఆ నీరు క్రింది చెరువునకు చేరును. ఆ పారుదలలో పరిగెలు, పక్కెలు, జెల్లలు నీటికి ఎదురెక్కును. కొరమీను, మట్టగిడసలు తడినేలపై కొంతదూరము ప్రాకియైనను ప్రక్క మడుగును చేరగలవు. వీనిలో పెక్కు చేపలు అప్పుడు గ్రుడ్లతో నిండియుండును. రెండవది బురదత్రోవ. కొరమీను, మార్పు, ఇంగిలాయి అను చేపలకు మొప్పలతోపాటు గాలిని నేరుగ పీల్చుకొను అవయవము గలదు. చెరువు ఎండిపోవుచుండగా అవి లోతైన గుంటను చేరి, తడి బురదలో ఒదిగి, తిరిగి వాన పడువరకు ప్రాణము నిలుపుకొనును. తొలకరికి హఠాత్తుగ కనబడు చేపలు ఆకాశమునుండి పడినవని పామరులు తలంచుటకు కారణమిదియే. అవి పడినవి కావు, నిలిచియున్నవి.

కుంటలో చేపలవేటకు ఒక క్రమమున్నది. చెరువు నిండియున్నప్పుడు గాలమువాడు తప్ప వేరొకడు నీటి జోలికి పోడు. సంక్రాంతి గడచి, తూము నీరు పైరునకు పారి, నీటిమట్టము తగ్గునప్పుడు విసురువల పని ప్రారంభమగును. ముందుగ చిక్కునవి బొచ్చె, శీలావతి వంటి పెంపుడు చేపలు. నీరు తరిగి, వేడెక్కి, బురదయై, అందలి ప్రాణవాయువు క్షీణించినప్పుడు మొట్టమొదట తాళలేనివి ఇవియే. తెల్లవారుజామున అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండుట చూచిన పాటదారు, ఆ దినముననే వల దింపును. మోకాలిలోతు నీటికి ఊత అను బుట్ట తగును. రెండు వైపులను తెరపియై అడుగు వెడల్పుగనుండు ఈ వెదురుబుట్టను చేప కదలినచోట గుచ్చి, పైనుండి చేయి పెట్టి పట్టుదురు. తుదకు మిగులునది బురద. దానిలో చేతులతో తడివి కొరమీనులను, మార్పులను వెదకుదురు. ఇంగిలాయి ముల్లు విషముగలది. అది గుచ్చిన చేయి గంటల తరబడి మండునని ఎరిగినవారు చూచి మరీ చేయి పెట్టుదురు.

పాటదారు పట్టి విడిచిన పిమ్మట ఊరివారందరు దిగుట పెక్కు గ్రామములలో వాడుక. ఆనాడు పేద యింట కూడ చేపల పులుసు ఉడుకును. ఏడాదికి ఒకనాడు ఉమ్మడి చెరువు ఉమ్మడిదేయని ఋజువగుట చిన్న సంగతి కాదు.

కాని కష్టమంతయు ఆ తుదినాళ్లలోనే యున్నది. చిన్న చెరువుల చేపల హక్కు పంచాయతీలు వేలము వేయుట వాడుకయైనది. ఆ ఆదాయముతో వీధిదీపములో, బడి మరమ్మతో జరుగును. వేలమును తప్పుపట్ట బనిలేదు. అయితే ఒక్క సాలునకు పాట పాడినవాడు వచ్చు సాలు సంగతి ఏల తలంచును? గుంటలో మిగిలిన నీటిని యంత్రముతో తోడించి, వ్రేలెడు పిల్లనైన విడువక గంపకెత్తును. చేలో వరి ఈనికదశలో నుండగా నీరు తోడినచో రైతు అడ్డుపడును. తోడనిచ్చినచో పశువులకు త్రాగునీరుండదు. పంటవాడు, పాటవాడు, పశువులవాడు – ముగ్గురికిని న్యాయమున్నది. నాలుగవ న్యాయము చేపది. దాని పక్షమున మాటాడువాడు లేడు.

ఇంతకంటె ఘోరమైనది విషప్రయోగము. తుదినీటిలో పురుగుమందు కలిపిన గడియలో సమస్తమును తేలును. ఆ చేపను తినినవారికిని, ఆ నీరు త్రాగిన గొడ్డునకును అపాయము. నీటిలో విషము కలిపియు, మందుగుండు ప్రేల్చియు చేపలను చంపుట 1897లో చేయబడిన భారత మత్స్యచట్టమే నేరమని నిర్ణయించినది. నూరేండ్లకు పైబడిన చట్టమును ఊరు జ్ఞాపకముంచుకొనిననే అది చట్టమగును.

చేపపిల్లలను కొని వదలుచున్నారు గదా, పూర్వపు చేప పోయిననేమి యని ఆక్షేపించువారు గలరు. దీనికి సమాధానము చెప్పవలసియున్నది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అనునవి పారు నదులలో గ్రుడ్లు పెట్టునవి. నిలిచిన కుంటలో పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అనుగుల్‌లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు పిట్యూటరీ గ్రంథిసారమును సూదితో ఎక్కించి వీనిచేత గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థుడయ్యెను. ఆ దినమును నేటికిని జాతీయ మత్స్యరైతు దినముగ పాటించుచున్నారు. దేశమున చేపలపెంపకము ఇంతగ వృద్ధియగుటకు ఆ పరిశోధనయే మూలము. అందుకు కృతజ్ఞత చూపవలసినదే. నాలుగైదు నెలల నీరున్న కుంటలో నాలుగంగుళముల పిల్లలను వదలినచో లాభమును కలుగును. కాని ఆ చేపకు ప్రతియేడు సొమ్ము పెట్టవలయును. వానలేని యేట ఆ సొమ్ము మట్టిపాలగును. కొరమీను అట్టిది కాదు. ఒడ్డు తుంగలో నాచును తొలగించి గూడు చేసికొని, తేలియాడు గ్రుడ్లను, ఎర్రని పిల్లల గుంపును జంటగ కాచుకొనును. ఊరికి దమ్మిడీ ఖర్చులేదు. తెలంగాణము దానిని రాష్ట్రపు చేపగ గౌరవించినది. అయితే అది ఈడునకు వచ్చుటకు ఒకటి రెండేండ్లు పట్టును. ఏటేట గుంటను అడుగంట తోడినచో గ్రుడ్లు పెట్టు ఈడు చేప మిగులుటెట్లు?

కావున గ్రామమునకు కావలసిన ధర్మము రెండు మాటలలో నిముడును: తొలినీటి చేపను విడువవలయును, తుదినీటి చేపను విడువవలయును. నడిమి నాలుగు నెలల పంట మనుష్యులది.

తొలినీటిని విడుచుట యనగా, మొరవ పారు మొదటి దినములలో అచ్చట వలయు బుట్టయు అడ్డము పెట్టకుండుట. ఎదురెక్కు చేపనొకదానిని పట్టుట వేలకొలది గ్రుడ్లను పట్టుటయే. పిల్లల గుంపు నీటిపై ఎర్రగ కనబడినచోట తల్లిదండ్రులను గాలమునకు తీయకుండుటయు ఇందులోనిదే.

తుదినీటిని విడుచుట యనగా, కట్ట అడుగునకు చాలినంత దూరమున ఒక లోతైన గుంటను నిలుపుట. కట్టనంటి త్రవ్వినచో కట్టకే ముప్పు. వేసవిలో పూడికమట్టిని పొలములకు తోలుకొనునప్పుడు, చెరువంతయు బల్లపరుపుగ చెక్కక, ఈ గుంటను లోతు చేసిన ఒక పనికి రెండు ఫలములు: చేపకు ఆశ్రయము, పశువునకు త్రాగునీరు. ఆ గుంటలో యంత్రము పెట్టరాదని వేలపు షరతులలో వ్రాయవలయును. పాటను ఒక సాలునకు గాక మూడు సాళ్లకు ఇచ్చినచో, విత్తనము మిగుల్చుట పాటదారునకును లాభమే యగును. ధర్మమును లాభమును ఒకచోటికి వచ్చిననే నియమము నిలుచును. ప్రభుత్వము నిషేధించిన ఆఫ్రికా మార్పును ఆశపడి వదలరాదు. అది తక్కిన చేపలను మ్రింగును, వరదకు క్రింది చెరువులకును పాకును.

ఇక గ్రంథాలయమునకు ఇందులో పనియేమి? ఒక పుస్తకము. అచ్చుపుస్తకము కాదు, గీతలు గీసిన ఖాళీ పుస్తకము. చెరువునకు నీరు వచ్చిన తేదీ, మొరవ పారిన తేదీ, గుంట మిగిలిన లోతు, పాట సొమ్ము, ఆ యేడు కనబడిన చేపల పేళ్లు – ఏడాదికి ఒక పుట చాలును. చదువు వచ్చిన పిల్లలు వ్రాయవచ్చును. చదువు రాని బెస్తపెద్దలు చెప్పవచ్చును. ఏ చేప ఏ యేట కనుమరుగైనదో వ్రాసియుంచని ఊరికి, అది పోయిన సంగతియైనను తెలియదు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినది. పుస్తకమును చదివినవాడు దానిని మరల బీరువాలో నుంచుటవలననే అది నిలిచినది. చెరువును అట్లే నిలుచుగాక!